ఆకాశమార్గాన కొవ్వూరు

దూరం అంటే ఏమిటన్న సందేహం మా శాఖలో ఎవరికీ ఎన్నడూ కలగలేదు, కమీషనర్ మార్కండేయులు గారు శిక్షణకని సింగపూరు వెళ్ళి వచ్చేదాకా. అంతవరకూ మాకు దూరమంటే కిలోమీటర్లే. రోడ్డు పక్కన రాళ్ళ మీద రాసి ఉండేవి, మేం నమ్మేవాళ్ళం.

మా శాఖ పేరు చెప్పను. చెప్పినా, చెప్పకపోయినా అక్కడ మీ పని అవదు కనక మీకేం నష్టం లేదు. ఆ శాఖ హెడ్డాఫీసులో బదిలీల సెక్షన్‌కి నేను సూపరింటెండెంటుని. పేరు పేర్రాజు. పైవాళ్ళు నందిని చూపించి పంది అంటే, "ఎన్ని పిల్లల్ని పెట్టింది సార్?" అని వినయంగా అడిగే రకం.

సింగపూరు నుంచి దిగిన మర్నాడే కమీషనర్ గారు మీటింగు పెట్టారు. మెడలో అక్కడి సదస్సు తాలూకు ట్యాగు ఇంకా వేలాడుతూనే ఉంది.

"పేర్రాజు గారూ, దూరం ఎక్కడుంటుంది?"

"రోడ్డు మీద సార్."

"కాదు. గడియారంలో ఉంటుంది. ప్రపంచమంతా కిలోమీటర్లను వదిలేసి ముందుకు వెళ్ళిపోయింది. మనం ఇంకా రాళ్ళు లెక్కపెడుతున్నాం." ఆయన జేబులోంచి ఫోను తీశారు. "ఏవైనా రెండు ఊళ్ళు చెప్పండి. బాగా దూరంగా ఉన్నవి."

"హిందూపురం, రాజమండ్రి" అన్నాను. నా బల్ల మీద ఆ రెండు ఊళ్ళ తాలూకు అర్జీ ఒకటి ఏడాదిగా ఉంది కనక అవే నోటికొచ్చాయి.

ఆయన ఫోను మీద వేలితో రెండుసార్లు పొడిచి, అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకున్నారు. హిందూపురానికి దగ్గర్లో బెంగుళూరు విమానాశ్రయం. అక్కణ్ణించి రాజమండ్రికి గంటన్నర.

"చూశారా? అక్కడ ఇడ్లీ తిని ఇక్కడ చెయ్యి కడుక్కోవచ్చు. దీన్ని దూరం అంటారా?"

అనం అన్నాం అందరం. సాయంత్రానికల్లా ఉత్తర్వు వెలువడింది. దాన్ని రాసింది నేనే కాబట్టి ఇప్పటికీ నోటికొస్తుంది: "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, ఇకమీదట ఏ రెండు ఊళ్ళ నడుమ దూరమునైనను, ఆ ఊళ్ళకు అత్యంత సమీపమున గల విమానాశ్రయముల నడుమ ప్రయాణ కాలముగా మాత్రమే పరిగణించవలెను. కిలోమీటరు అను మాట ఇకపై ఫైళ్ళలో కనిపించరాదు."

ఈ ఉత్తర్వు మొదటి దెబ్బ మొగుడూ పెళ్ళాల మీద పడింది. ఇద్దరూ మా శాఖలోనే పనిచేస్తూ చెరో ఊళ్ళో ఉంటే, మధ్య దూరం రెండొందల కిలోమీటర్లు దాటినప్పుడు ఇద్దర్నీ ఒకచోటికి చేర్చాలని పాత నియమం. కొత్త నియమం ప్రకారం మధ్య దూరం రెండు గంటలు దాటాలి. మన రాష్ట్రంలో ఆ కొస నుంచి ఈ కొసకి ఎగిరినా రెండు గంటలు పట్టదు. దాంతో విడివిడిగా ఉంటున్న దంపతులందరూ ఒక్క మధ్యాహ్నంలో దగ్గరైపోయారు. నా బీరువాలో అర్జీలన్నిటి మీదా "సమీపముననే ఉన్నారు, ముగించడమైనది" అని రాసి కట్ట కట్టేశాం. దాంపత్య సమస్యల్ని నూటికి నూరు శాతం పరిష్కరించిన తొలి శాఖ మాదేనని కమీషనర్ గారు పై సమావేశంలో చెప్పుకున్నారు. చప్పట్లు కూడా కొట్టారట.

కట్టలో అన్నిటికంటే పైనున్న అర్జీ పెచ్చెట్టి వీరవేణిది. రాజమండ్రి ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. ఆమె భర్త త్రిమూర్తులు హిందూపురం ఆఫీసులో అదే ఉద్యోగం. పెళ్ళయి నాలుగేళ్ళు. అందులో కలిసున్నది సెలవులు, పండగలు అన్నీ కూడితే ఒక పెళ్ళి భోజనమంత. అర్జీ ముగిసిందని కాగితం అందగానే ఆవిడ మూడేళ్ళ పాపని చంకనేసుకుని హెడ్డాఫీసుకి వచ్చేసింది.

"ఏవండీ పేర్రాజు గారూ, మేం సమీపంగా ఉన్నామని రాశారండి. ఎక్కడండీ? నాకు కనపడలేదండి."

నేను ఉత్తర్వు చదివి వినిపించాను. వినిపించి, కమీషనర్ గారి గదిలోకి తీసుకెళ్ళాను. ఆడవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకునే అవకాశమున్న చోట సూపరింటెండెంటు ఒంటరిగా ఉండకూడదని నా అనుభవం.

ఆవిడ కన్నీళ్ళు పెట్టుకోలేదు. నిలబడే మాట్లాడింది.

"సార్, ఆయన శుక్రారం రాత్రి బండెక్కితే, విజయవాడలో మారి, శనారం మధ్యాహ్నం దాటాక వస్తారండి. ఆదివారం పొద్దున్నే మళ్ళీ బయల్దేరాలండి. వచ్చాక సగం సేపు నిద్రపోతారండి. మా అమ్ములు ఫోనులోనే చూస్తుంది కదండీ, ఫోన్నే నాన్నంటాదండి. ఛార్జింగ్ పెడితే నాన్న అన్నం తింటన్నాడంటాది. ఛార్జింగ్ అయిపోయి ఆగిపోతే నాన్న పడుకున్నాడంటాది. మొన్న నిజంగా ఆయనొస్తే, ఎవరో వచ్చారని నా ఎనకాల దాక్కుందండి."

పాప కమీషనర్ గారి బల్ల మీద ఛార్జింగ్‌లో ఉన్న ఫోనుని చూపిస్తూ, "తాత వాళ్ళ నాన్న అన్నం తింటన్నాడు" అంది.

"చూడమ్మా" అన్నారు కమీషనర్ గారు, సింగపూరులో నేర్చుకున్న శాంతంతో. "నీకున్నది దూరం సమస్య కాదు, దృక్పథం సమస్య. మీ మధ్య ఉన్నది గంటన్నర. మా ఇంట్లో స్నానాల గదికి అంతకంటే ఎక్కువసేపు ఎదురుచూస్తాను నేను."

"అలాగైతే విమానం టికెట్టు ఇప్పించండి సార్, వారం వారం గంటన్నరలో వచ్చేస్తారు."

కమీషనర్ గారు నావైపు చూశారు. నేను నియమం చెప్పాను. జూనియర్ అసిస్టెంటు స్థాయికి విమానార్హత లేదు. దూరం విమానంలో, ప్రయాణం మాత్రం బస్సులో.

"ఆయ్, అర్థమైందండి" అంది వీరవేణి. ఏం అర్థమైందో చెప్పకుండా పాపని ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ తరవాత శాఖలోని ఊళ్ళన్నిటికీ దూరాల పట్టిక తయారుచేసే పని నా మీద పడింది. రాజమండ్రి పేజీ దాకా పని నల్లేరు మీద బండిలా నడిచింది. అక్కడ కొవ్వూరు దగ్గర ఆగిపోయింది.

కొవ్వూరు తెలియనివాళ్ళకి చెబుతున్నాను. రాజమండ్రిలో గోదావరి గట్టున నిలబడితే అవతలి ఒడ్డున కనిపించే ఊరు అదే. మధ్యలో వంతెన. ఆటోలో ఎక్కితే పాట ఒకటి రెండు వినేలోపు అక్కడుంటాం. కాని కొవ్వూరికి విమానాశ్రయం లేదు. ఉత్తర్వు ప్రకారం అత్యంత సమీప విమానాశ్రయం చూడాలి. అది రాజమండ్రిదే. అంటే రాజమండ్రి నుంచి రాజమండ్రికి విమానంలో ఎంతసేపు పడుతుందో తేల్చాలి.

నేను వెళ్ళి విషయం విన్నవించాను. "సార్, కొవ్వూరు కూతవేటు దూరం."

"కూతవేటు అనే కొలమానం ఉత్తర్వులో ఉందా?"

"లేదు సార్."

"మరి ఎందుకు కూస్తున్నారు? టికెట్లు అమ్మే కంపెనీని అడగండి."

అడిగాను. ఫోనులో అమ్మాయి ఎంతో మర్యాదగా, రాజమండ్రి నుంచి రాజమండ్రికి నేరుగా విమానం లేదు సార్, హైదరాబాదులో మారాలి అంది. సాయంత్రం ఇక్కడ ఎక్కితే, రాత్రంతా అక్కడ కూర్చుని, పొద్దున్నే ఇక్కడ దిగవచ్చు. మొత్తం పదమూడున్నర గంటలు. కిటికీ పక్క సీటు కావాలా అని కూడా అడిగింది.

అలా కొవ్వూరు మా పట్టికలో అన్ని ఊళ్ళకంటే దూరమైన ఊరైంది. హిందూపురం వీధి చివర, కొవ్వూరు లోకం చివర. పట్టిక మీద కమీషనర్ గారు ఆకుపచ్చ సిరాతో సంతకం చేసి, "ఇంత మారుమూల ఊరు మనకి ఉన్నట్టు ఇన్నాళ్ళూ నా దృష్టికి ఎందుకు తేలేదు?" అని నన్ను మందలించారు. కొవ్వూరు ఆఫీసుకి మారుమూల ప్రాంత హోదా ఇచ్చారు. రెండు కంబళ్ళు, ఒక ప్రథమచికిత్స పెట్టె పంపించాం.

అప్పట్లో కొవ్వూరులో పనిచేసే గుమాస్తా గున్నేశ్వరరావు. ఇల్లు రాజమండ్రిలో. రోజూ వంతెన దాటి ఆఫీసుకి వెళ్ళి వచ్చే మనిషి. అతనికి మా ఆఫీసు నుంచి మెమో వెళ్ళింది: "ఉదయము రాజమండ్రిలో కాఫీ తాగిన మీరు, పదమూడున్నర గంటల దూరమున గల కార్యాలయములో అదే ఉదయము ఎట్లు హాజరైతిరో సంజాయిషీ ఇవ్వవలెను."

"వంతెన మీద వచ్చానండి" అని రాశాడతను.

"ఉత్తర్వులో వంతెన ప్రస్తావన లేదు. అనుమతి లేని వంతెన వాడినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదు?"

గున్నేశ్వరరావు తెలివైనవాడు. తప్పు ఒప్పుకుంటున్నాననీ, మారుమూల ప్రాంతంలో చాలాకాలం కష్టపడ్డాను కనక తనని దయతలచి వెనక్కి పిలిపించమనీ రాశాడు. కమీషనర్ గారి మనసు కరిగింది. అతన్ని రాజమండ్రికి వేశారు. అతను ఇంటి దగ్గర్నుంచి ఆఫీసుకి నడిచి వెళ్ళడం మొదలుపెట్టాడు. కొవ్వూరు కుర్చీ ఖాళీ అయింది. అంత దూరం ఎవరు పోతారని మేం కూడా ఎవరినీ వేయలేదు.

ఇంతలో కమీషనర్ గారికి హిందూపురం ఆఫీసు తనిఖీ చేయాలనిపించింది. గగనదూర విధానమని తానే పేరు పెట్టుకున్న ఈ పద్ధతి క్షేత్రస్థాయిలో ఎంత ఆనందం కలిగిస్తోందో కళ్ళారా చూడాలన్నారు. ఆయన విజయవాడలో విమానం ఎక్కి బెంగుళూరులో దిగారు. విమానార్హత లేనివాణ్ణి కనక నేను ముందురోజే రైలెక్కి, హిందూపురంలో స్నానం చేసి, ఉప్మా తిని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆయన కోసం ఎదురుచూశాను. పదకొండింటికి రావలసిన మనిషి మూడు దాటాక వచ్చారు. దారిలో ఏదో లారీ పడిపోయిందట. దండ వాడిపోయింది. దాన్ని అలాగే వేశాం.

ప్రసంగం అయ్యాక ఎవరైనా సందేహాలుంటే అడగవచ్చన్నారు. ఇలాంటి మాట మర్యాదకి అంటారు, ఎవరూ అడగకూడదు. వెనక వరసలోంచి సన్నగా, పొడుగ్గా ఉన్న ఒకతను లేచాడు. త్రిమూర్తులు.

"సార్, తమరు ఇక్కడికి ఎంతసేపట్లో వచ్చారండి?"

"గంటా పది నిమిషాలు" అన్నారు కమీషనర్ గారు సగర్వంగా.

"మరి తమరు పొద్దున్నే బయల్దేరారంట కదండీ. మిగతా సేపు?"

"అది కారులో గడిపాను. కారులో గడిపింది దూరం కిందకి రాదు. దాన్ని ఆలస్యం అంటారు. ఈ రెంటికీ తేడా తెలుసుకోవాలి మీరు."

"ఆయ్, తెలిసిందండి" అన్నాడు త్రిమూర్తులు చేతులు కట్టుకుని. "ఇన్నాళ్ళూ నేనూ మా ఆవిడా దూరంగా ఉన్నామనుకుని బాధపడతన్నామండి. దూరంగా లేమండి. ఆలస్యంగా ఉన్నాం."

హాలంతా గొల్లున నవ్వింది. ముందు వరసలో ఉన్న జిల్లా అధికారి నవ్వాపుకోలేక దగ్గు నటించాడు. నేను నవ్వలేదు. నా పెన్షను ఇంకా ఖరారు కాలేదు.

గెస్ట్‌హౌసుకి వెళ్ళగానే కమీషనర్ గారు కాఫీ కప్పు పక్కకి తోసేసి లేచారు.

"పేర్రాజు గారూ! వాణ్ణి శంకరగిరి మాన్యాలు పట్టించాలి. పెళ్ళాం గురించి కదా వాడి ఏడుపు? ఆ పెళ్ళాం ఎక్కడుంది?"

"రాజమండ్రి సార్."

"రాజమండ్రికి మన పట్టికలో అన్నిటికంటే దూరమైన ఊరేదో చూడండి. రేపటికల్లా వాడు అక్కడుండాలి."

నేను పట్టిక తెరిచాను. తెరవనక్కరలేదు, తయారుచేసింది నేనే. అయినా ఉద్యోగ ధర్మం ప్రకారం పేజీలు తిప్పి, కళ్ళజోడు సర్దుకుని, వేలు పెట్టి చూశాను.

"కొవ్వూరు సార్. పదమూడున్నర గంటలు."

"వేసేయండి!"

ఇక్కడ నా ధర్మం ఇంకొకటి ఉంది. పైవాళ్ళకి గుర్తుచేయడం. "సార్, కొవ్వూరంటే మరి గోదావరికి అవతల..."

"అవతలో ఇవతలో నాకు అనవసరం. పట్టిక తప్పంటారా?"

"తమరు సంతకం చేసిన పట్టిక తప్పెలా అవుతుంది సార్?"

"కుటుంబాన్ని తీసుకెళ్ళడానికి వీల్లేదని కూడా రాయండి. వారం వారం ఎలా వస్తాడో చూద్దాం."

రాశాను. "శిక్షాపూర్వకముగా" అన్న మాట కింద గీత కూడా గీశాను. ఆయన సంతకం చేసేటప్పుడు కలం కాగితానికి చిల్లు పెట్టింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నేను ఇంత సంతోషంగా రాసిన శిక్ష ఇంకోటి లేదు. ఆ సంతోషం మొహంలో కనపడకుండా ఉండటానికి రెండు తమలపాకులు నోట్లో కుక్కుకోవలసి వచ్చింది.

త్రిమూర్తులు మర్నాడే హిందూపురం వదిలాడు. కొవ్వూరులో చేరినట్టు కాగితం పంపించాడు. కుటుంబాన్ని తీసుకెళ్ళకూడదన్న షరతుని అక్షరాలా పాటించాడు. వాళ్ళని రాజమండ్రిలోనే ఉంచి, రోజూ సాయంత్రం తానే ఇంటికి వెళ్ళేవాడు. గున్నేశ్వరరావు మీద వచ్చిన మెమో సంగతి విన్నాడు కనక, వంతెన మీద వెళ్ళకుండా రేవు దగ్గర పడవెక్కేవాడు. పడవ గురించి మేం ఇంకా ఏ మెమో ఇవ్వలేదు.

మా సెక్షన్ యంత్రం మాత్రం తన పని తాను చేసుకుపోయింది. మధ్య దూరం రెండు గంటలు దాటింది కాబట్టి వీరవేణికి ఇప్పుడు భర్త దగ్గరికి బదిలీ కోరే హక్కు వచ్చింది. ఆ సంగతి తెలియజేస్తూ, ఆమె అభ్యంతరం లేకపోతే దంపతులిద్దర్నీ దగ్గర ఊళ్ళకి, అంటే ఒకర్ని రాజమండ్రిలోనూ ఇంకొకర్ని హిందూపురంలోనూ వేయగలమని ఉత్తరం పంపాం. వెంటనే జవాబొచ్చింది: "శాఖ ప్రయోజనాల దృష్ట్యా ఈ ఎడబాటును భరించడానికి నిశ్చయించుకున్నాను."

కమీషనర్ గారు ఆ జవాబు చదివి కదిలిపోయారు. "త్యాగమూర్తి. భర్త చేసిన పాపానికి పాపం ఈవిడ బలైంది" అన్నారు. అన్నాక ఆయనకి త్రిమూర్తుల్ని స్వయంగా చూడాలనిపించింది. పశ్చాత్తాపం ఎంతవరకు వచ్చిందో తనిఖీ చేస్తారట. "కొవ్వూరు ప్రయాణం ఏర్పాటు చేయండి."

నేను ఏర్పాటు చేశాను, ఉత్తర్వు ప్రకారమే. కమీషనర్ గారంతటివారు అనుమతి లేని వంతెన ఎలా ఎక్కుతారు? రాజమండ్రిలో జిల్లా అధికారులతో మీటింగు అయ్యాక, సాయంత్రం ఆయన్ని అక్కడి విమానాశ్రయంలో దింపాను. హైదరాబాదు టికెట్టు, అక్కణ్ణించి మళ్ళీ రాజమండ్రి టికెట్టు చేతిలో పెట్టాను. ఆయన రెండింటినీ చూసి ఒక్క క్షణం ఆగారు. ఆ క్షణంలో ఏమైనా జరిగి ఉండేది. కాని ఎదురుగా జిల్లా అధికారులంతా వరసగా నిలబడి ఉన్నారు. పట్టిక మీద ఆకుపచ్చ సంతకం ఆయనదే. గొంతు సవరించుకుని లోపలికి వెళ్ళిపోయారు.

నేను లాడ్జిలో పులస పులుసుతో భోంచేసి హాయిగా పడుకున్నాను.

పొద్దున్నే విమానాశ్రయానికి వెళ్ళేసరికి త్రిమూర్తులు అక్కడున్నాడు. చేతిలో చామంతి దండ, చంకలో హాజరు పుస్తకం. పక్కనే వీరవేణి, మల్లెపూలు పెట్టుకుని. అమ్ములు వాళ్ళ నాన్న భుజాల మీదెక్కి, జుట్టు రెండు పిడికిళ్ళతో పట్టుకుని కూర్చుంది.

"ఇదేంటయ్యా, కుటుంబం?" అన్నాను.

"నేను తీసుకురాలేదండి. వాళ్ళే నన్ను తీసుకొచ్చారండి."

కమీషనర్ గారు బయటికొచ్చారు. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. చొక్కా మడతలు పడింది. హైదరాబాదులో రాత్రంతా ఇనపకుర్చీలో కూర్చున్నారట. దండ వేయించుకుని, చుట్టూ చూశారు.

"కొవ్వూరు వచ్చేశామా?"

"ఉత్తర్వు ప్రకారం వచ్చేశాం సార్" అన్నాను.

ఆయన అక్కడే, కారు బానెట్ మీద హాజరు పుస్తకం పెట్టుకుని తనిఖీ పూర్తి చేశారు. నోట్ నాకు చెప్పి రాయించారు: "కొవ్వూరు చేరుటకు నాకు స్వయముగా పదమూడున్నర గంటలు పట్టినది. పట్టిక అక్షరాలా నిజమని దీనివలన రుజువైనది. ఊరు ఆశించినదాని కంటే బాగున్నది. విమానాశ్రయము కూడా కలదు."

"శిక్ష సంగతి ఏం రాయమంటారు సార్?"

ఆయన త్రిమూర్తుల్ని ఎగాదిగా చూశారు. నిద్రలేని మనిషికి ఎదుటివాడు నవ్వుతూ కనిపిస్తే ఎంత మంటగా ఉంటుందో మీకు తెలియంది కాదు. "ఇంకా పశ్చాత్తాపం కనపడటం లేదు. మూడేళ్ళు పొడిగించండి."

వీరవేణి చటుక్కున తల దించుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని కమీషనర్ గారు మొహం పక్కకి తిప్పుకున్నారు. మంచిదే అయింది.

ఆయన ఇంటికి ఫోను చేద్దామని జేబులోంచి తీశారు. అది ఎప్పుడో చచ్చిపోయింది. నొక్కారు, విదిలించారు, మళ్ళీ నొక్కారు. భుజాల మీంచి అమ్ములు అంతా చూస్తోంది.

"తాతా, మీ నాన్న పడుకున్నాడా?"

"ఛార్జింగ్ లేదమ్మా" అన్నారాయన నీరసంగా.

పాప ఆయన వైపు జాలిగా చూసింది. తరవాత వంగి, రెండు చేతులూ త్రిమూర్తులు మెడ చుట్టూ బిగించి, అతని నెత్తిన గడ్డం ఆనించి అంది:

"మా నాన్నకిప్పుడు ఛార్జింగ్ అక్కర్లేదు."